తీగ కింది ఇళ్లు: నవాహో నేల మీద నాలుగు రోజులు

శుక్రవారం, ఆగస్టు 29, 2025. చాండ్లర్ నుంచి ట్యూబా సిటీ

కారెక్కే ముందు మా ఆయనకో అలవాటు. సోలార్ యాప్ తెరిచి ఆ పూట మా పైకప్పు మీద ఎన్ని యూనిట్లు పుట్టాయో చూసుకుంటారు. పొద్దున ఆరున్నరకి ఏం పుడతాయండీ అంటే వినరు.

మూడేళ్ల కింద, అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో మా ఇంటి మీద ప్యానెళ్లు పెట్టించుకున్నాం. ఖర్చులో 30 శాతం ఫెడరల్ పన్నులో తగ్గింది. మొన్న జూలై 4న సంతకమైన చట్టంతో ఆ రాయితీకి డిసెంబరు 31 ఆఖరి తేదీ. మా వీధిలో ఇప్పుడు మూఢం వచ్చేలోపు పెళ్లిళ్లు కానిచ్చేస్తున్నట్టు ఉంది, వారానికో ఇంటికి నిచ్చెనలు వేస్తున్నారు. అన్నీ మనలాంటి రెండు జీతాల ఇళ్లే. ఆ రాయితీ పన్ను బాకీ ఉన్నవాళ్లకే అక్కరకొస్తుంది. కట్టాల్సిన పన్నే లేనివాళ్లకి అందులోంచి పైసా రాదు. అద్దెకుండే వాళ్లకైతే కప్పే తమది కాదు.

డబ్బుంటే సరిపోతుందా అంటే అదీ కాదు. 2019లో డెబొరా సంటర్, సెర్జియో కాస్టెలానోస్, డేనియల్ కామెన్ అనే ముగ్గురు అమెరికా వాడల పైకప్పులు లెక్కగట్టారు. ఆదాయం సమానంగా ఉన్న వాడలనే పోల్చి చూసినా, నల్లవాళ్లు సగానికి మించి ఉన్నచోట పైకప్పు సోలార్ 69 శాతం తక్కువ. హిస్పానిక్ వాడల్లో 30 శాతం తక్కువ. తెల్లవాళ్ల వాడల్లో 21 శాతం ఎక్కువ. అంతా ఏ ఒక్క జాతీ సగానికి మించని వాడలతో పోల్చిన లెక్క. ఆఫీసులో లంచ్ చేస్తూ చదివి, డబ్బా కడుక్కుని మళ్లీ పనిలో పడ్డాను అప్పట్లో.

ఈ ప్రయాణానికి అసలు కారణం మా బాపు. 2017లో అమ్మానాన్నల్ని అరిజోనా ఉత్తరాన, నవాహో అనే ఆదివాసీ తెగ నేల పక్కనున్న పేజ్ అనే ఊరికి తీసుకెళ్లాం, యాంటిలోప్ కాన్యన్ చూపించడానికి. అందరూ ఎర్రరాళ్ల మధ్య దూరే వెలుతురుని ఫొటోలు తీసుకుంటుంటే, గోదావరిఖనిలో ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో చేసిన మా బాపు చూపంతా రోడ్డుకి అటుపక్క నిలబడ్డ మూడు పొగగొట్టాల మీదే. "గిది మన ఎన్టీపీసీ లెక్కనే ఉన్నది గదనే బిడ్డా! బొగ్గు యాడికెల్లి వస్తది దీనికి?" అని అడిగారు. నాకు తెలియదు. మా ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లకీ ఆ పొగగొట్టాలకీ సంబంధం ఉందని కూడా తెలియదు.

ఆ ప్లాంటు పేరు నవాహో జనరేటింగ్ స్టేషన్. 2,250 మెగావాట్లు. నడిపింది మాకు నెలనెలా కరెంటు బిల్లు పంపే ఎస్‌ఆర్‌పీయే. కొలరాడో నది నీళ్లని 336 మైళ్ల కాలువలో, దాదాపు 2,900 అడుగుల ఎత్తుకి తోడి ఫీనిక్స్‌కీ టూసాన్‌కీ పంపే పంపులకి కరెంటు ప్రధానంగా అక్కడినుంచే వెళ్లేది. చాండ్లర్ తాగే నీళ్లలో ఆ కాలువ వాటా ఉంది. 2019 నవంబరులో ప్లాంటు ఆపేశారు. ఇప్పుడు అక్కడ సోలార్ వస్తోందని విన్నాం. సరే, లేబర్ డే సెలవులు కలిసొచ్చాయి.

ఫ్లాగ్‌స్టాఫ్ దాకా చెప్పడానికేం లేదు, ఎండ, ట్రాఫిక్, పాప హెడ్‌ఫోన్లు. దాటాక పైన్ చెట్లు పలచబడి, నేల ఎర్రబారి, కామెరాన్ దగ్గర నవాహోల రిజర్వేషన్ మొదలవుతుంది. ఈ మాట నా నోట ఇప్పటికీ సరిగ్గా పలకదు. మన దగ్గర రిజర్వేషనంటే కాలేజీ సీటు, ఉద్యోగం. ఇక్కడ నేల. 27 వేల చదరపు మైళ్లు, మా తెలంగాణలో అరవై శాతానికి పైనే. అందులో ఉండేది లక్షా అరవై అయిదు వేలమంది.

కామెరాన్ ట్రేడింగ్ పోస్టులో మధ్యాహ్నం భోజనం. ఫ్రై బ్రెడ్ మీద చిక్కుడుగింజలూ, చీజూ వేసి తెచ్చారు. పూరీకి పెద్దన్న లాంటిది, కంచం పట్టనంత. నూనె వేలికి అంటుతుంది, అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తన. పాప రెండోది అడిగింది. ఇది వీళ్ల పాతకాలపు వంటేం కాదు. 1864లో సైన్యం పంటలు తగలబెట్టి, వేలమంది నవాహోలని మూడొందల మైళ్లు నడిపించి న్యూ మెక్సికోలో బోస్కె రెడోండో అనే చోట నిర్బంధించింది. అక్కడ రేషన్‌గా ఇచ్చిన పిండి, కొవ్వుతో చేసుకున్న తిండి ఇది. 1868 ఒప్పందంతో వెనక్కి వచ్చారు, తిండి వాళ్లతోపాటే వచ్చింది. ఇవన్నీ పాపకి చెబుతుంటే, "అమ్మా, తిననివ్వు" అంది. నిజమే.

కామెరాన్ దాటాక రోడ్డుకి అడ్డంగా పెద్ద టవర్లు. 500 కిలోవోల్టుల లైన్లు. ఆ తీగల కింద చెల్లాచెదురుగా ఇళ్లు, రేకుల కప్పులు, పక్కన నీళ్ల పీపా ఎక్కించిన పికప్ బండ్లు. ఇంటికి తీగ వస్తోందా అని పాప లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదకొండు ఇళ్లలో నాలుగింటికి కనబడలేదు.

దీనికో చట్టం కథ ఉంది. 1966లో అమెరికా ప్రభుత్వంలో ఆదివాసీ (వీళ్లు 'ఇండియన్' అంటారు) వ్యవహారాల కమిషనర్ రాబర్ట్ బెన్నెట్, నవాహో, హోపీ తెగల భూవివాదం పేరుతో ఈ చుట్టుపక్కల 15 లక్షల ఎకరాల్లో పనులన్నీ ఆపేశాడు. రెండు తెగలూ ఒప్పుకుంటే తప్ప ఇల్లు కట్టకూడదు, కారే కప్పు బాగు చేసుకోకూడదు, కరెంటు లైను వేయకూడదు. అది ఎత్తేసింది 2009లో. నలభై మూడేళ్లు! ఆ కాలంలోనే వాళ్ల నెత్తిమీదుగా మా ఊరికి లైన్లు పడ్డాయి.

రాత్రి బస మొయెన్‌కోపీలో. అది హోపీల ఊరు. రోడ్డు దాటితే ట్యూబా సిటీ, నవాహోలది. వేసవిలో గడియారం గంట ముందుకి తిప్పే పద్ధతి అరిజోనాలో లేదు, నవాహోలు తిప్పుతారు, హోపీలు తిప్పరు. పెట్రోలు కోసం రోడ్డు దాటి వెళ్లిన మా ఆయన ఫోన్లో గంట ముందుకెళ్లింది, తిరిగొచ్చేసరికి మళ్లీ వెనక్కొచ్చింది.

హోటల్ కౌంటర్లో అమ్మాయి హోపీ. సోలార్ చూడ్డానికి వచ్చామంటే నవ్వింది. "మూడు వారాలు ఆలస్యంగా వచ్చారు" అంది. పేదలకి సోలార్ కోసం ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన 700 కోట్ల డాలర్ల 'సోలార్ ఫర్ ఆల్' పథకంలో హోపీల కరెంటు సంస్థకి సుమారు రెండున్నర కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. కరెంటు లేని ఇళ్లకి ప్యానెళ్లు, బ్యాటరీలు పెట్టాలని. ఈ ఆగస్టు 7న పథకం మొత్తం రద్దు చేశారు. పేజ్ ప్లాంటు మూతపడి బొగ్గు ఆగిపోయాక హోపీ ప్రభుత్వ ఆదాయంలో ఎనభై శాతానికి పైగా పోయిందట. బొగ్గు పోయిందని బాధపడాలో, పోయినందుకు సంతోషించాలో మా ఇంట్లోనే ఇద్దరం ఒకమాట మీద లేం అంది ఆ అమ్మాయి, తాళంచెవి ఇస్తూ.

శనివారం, ఆగస్టు 30. కయెంటా, మాన్యుమెంట్ వ్యాలీ

160వ నంబరు రోడ్డు మీద తూర్పుకి. కుడివైపున బ్లాక్ మెసా కొండ గోడకట్టినట్టు వెంట వస్తుంది. బాపు 2017లో అడిగిన ప్రశ్నకి జవాబు ఆ కొండ మీద ఉంది. పీబాడీ కంపెనీ అక్కడ రెండు గనులు తవ్వింది. ఒకదాని బొగ్గు పేజ్ ప్లాంటుకి. రెండోదాన్ని పొడి చేసి, నీళ్లలో కలిపి, జావలా 273 మైళ్ల గొట్టంలో నెవాడాలోని మొహావే ప్లాంటుకి తోసేవాళ్లు. ఈ ఎడారిలో జావకి నీళ్లెక్కడివి? జనం తాగే భూగర్భ జలమే. 2005 ఆఖర్లో మొహావే ప్లాంటు మూతపడేదాకా ఏడాదికి వంద కోట్ల గ్యాలన్లకి పైనే. హోపీల తరఫున ఈ గనుల ఒప్పందాలు చూసిన వకీలు జాన్ బోయ్డెన్ అదే కాలంలో పీబాడీకీ పని చేశాడని తర్వాత బయటపడింది. బొగ్గుని నీళ్లలో కలిపి మూడొందల మైళ్లు పంపారంటే మా బాపు నమ్మరు. "బొగ్గు తడిస్తే మేనేజరు తిట్టేటోడు" అంటారు.

కయెంటా శివారులో సోలార్ ప్లాంటు. ఊహించుకున్నంత హంగేం లేదు. ముళ్లకంచె, లోపల వరసల మీద వరసలు, 2017లో ఒక విడత, 2019లో రెండోది, కలిపి 55 మెగావాట్లు. పదింటప్పుడు ప్యానెళ్లన్నీ తూర్పుకి వాలి ఉన్నాయి. ఇరవై నిమిషాలు కంచె దగ్గర నిలబడితే, ఒక్కసారి చిన్న మోటారు చప్పుడై వరసంతా ఓ వెంట్రుకవాసి పైకి లేచింది. పాప అరిచింది, "కదిలింది!" అని. అంతకుమించి అక్కడ చప్పుడు లేదు. లోపల ఒకే ఒక్క పికప్ బండి. మనిషి కనబడలేదు.

కడుతున్నప్పుడు వందలమందికి పని దొరికింది, ఎక్కువమంది నవాహోలే. కట్టాక నడపడానికి గుప్పెడు మంది చాలు. గనీ ప్లాంటూ కలిసి వందల ఉద్యోగాలు, అవీ యూనియన్ జీతాలవి, పెన్షన్లున్నవి. సోలార్‌ని మెచ్చుకునే వ్యాసాల్లో ఈ సంగతి ఒక వాక్యంలో దాటేస్తారు, నాకది నచ్చదు. మా ఇల్లు, నా చదువు బొగ్గు పెట్టినవే. ఇంకోపక్క, ఈ కంచె లోపల ఉన్నది నవాహోల సొంత కరెంటు సంస్థ, 1959లో పెట్టుకున్న ఎన్‌టీయూఏ, తమ సొంతానికి కట్టుకున్న ప్లాంటు. బొగ్గు కాలంలో వీళ్లకి దక్కింది రాయల్టీ, జీతాలు. పేజ్ ప్లాంటులో అణా వాటా లేదు. ఇప్పుడు ఎస్‌ఆర్‌పీ వీళ్ల దగ్గర కొనుక్కుంటోంది. అమ్మేవాడిగా కూర్చోవడం వేరు.

అలాగని సోలార్, విండ్ పేరు చెప్పి వచ్చేవాళ్లంతా అడిగే వస్తారని లేదు. బ్లాక్ మెసా మీద కరెంటు నిల్వకోసం నీళ్లు ఎక్కించి దించే భారీ పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులకి బయటి కంపెనీ దరఖాస్తు పెట్టింది. నవాహోలు వద్దన్నారు. తెగ ఒప్పుకోకుండా తెగ భూమి మీద పర్మిట్ ఇవ్వబోమని ఫెడరల్ విద్యుత్ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో మొదటిసారి అంది.

మధ్యాహ్నం మాన్యుమెంట్ వ్యాలీ. దాని అందం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను రాయను. జీపు నడిపిన గైడుకి యాభై ఏళ్లుంటాయి. యాఅతేఎ అంటే నమస్కారమని నేర్పి, మమ్మల్ని మూడుసార్లు అనిపించి, మూడుసార్లూ నవ్వాడు. మా బాపు బొగ్గుబాయి మనిషని తెలియగానే మాట కలిసింది. వాళ్ల మేనమామ పీబాడీలో డ్రాగ్‌లైన్, అంటే గని తవ్వే భారీ యంత్రం, నడిపాడట. "ఆయన ఇంటికి కరెంటొచ్చింది 2003లో. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా కరెంటు కోసం బొగ్గు తవ్వుతున్నాడు."

టూరు అయిపోయాక, మామూలుగా టూరిస్టులు రాని దారిలో వాళ్ల పిన్ని ఇంటికి తీసుకెళ్లాడు. ఆవిడ నేసిన కంబళ్లు చూస్తామని అడిగాం. మట్టి కప్పిన పాత హోగన్, అంటే నవాహోల సంప్రదాయపు ఇల్లు, దాని పక్కనే చిన్న రేకుల ఇల్లు. రెండింటి గుమ్మాలూ తూర్పుకే. పొద్దున లేవగానే సూర్యుడికి ఎదురవ్వాలని వీళ్ల పద్ధతి. గుమ్మం పక్కన ఇనప కడ్డీ మీద రెండు సోలార్ ప్యానెళ్లు, అవి మాత్రం దక్షిణానికి. కింద ప్లాస్టిక్ పెట్టెలో బ్యాటరీలు.

"పని చేస్తోందా?" అన్నారు మా ఆయన, ఇంజనీరు కదా, పెట్టె మూత ఎత్తబోతూ. గైడు ఆవిణ్ని నవాహోలో అడిగి మాకు చెప్పాడు: బ్యాటరీలు పోయి ఏడాదైంది. పగలు ఫోను ఛార్జ్ అవుతుంది, పొద్దుగూకితే ఏమీ లేదు. ఫ్రిజ్ ఉంది, అందులో బట్టలు మడిచి పెట్టుకుంది ఆవిడ.

ఇంట్లో మూల నీలం రంగు ఐస్ డబ్బా. పాపకి చల్లటి నీళ్లిద్దామని ఆవిడ మూత తీసింది. కరిగిన ఐసు నీళ్లలో రెండు సోడా టిన్నులు, కోడిగుడ్లు, ఒక జిప్ సంచీలో, దానిమీద ఇంకో సంచీ చుట్టి, ఇన్సులిన్ సీసాలు. ఐసు కయెంటా నుంచి తెస్తారు, వేసవిలో రెండు రోజులు కూడా ఆగదట. నీళ్లు కూడా అక్కణ్నుంచే, పికప్ మీద పీపాతో. నవాహో ఇళ్లలో మూడింట ఒకదానికి కుళాయి లేదని చదివాను. చదవడం వేరు. గ్లాసు ఖాళీ చేశాక పాప దాన్ని ఎక్కడ కడగాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడింది.

లైను ఎంత దూరం? గైడు చెయ్యి చాపాడు. మైలున్నర అవతల స్తంభాలు కనబడుతున్నాయి. ఒక్కో ఇంటికి లైను లాగడానికి సగటున 40 వేల డాలర్ల దాకా అవుతుంది. డబ్బు దొరికినా, ఇది ఫెడరల్ ట్రస్టు కింద ఉన్న నేల, ప్రతి స్తంభానికీ వాషింగ్టన్ దాకా పాకే కాగితాలు. మేత పట్టా ఉన్న పక్కవాళ్ల సంతకాలు. ఇలాంటి ఇళ్లు ఇంకా 10 వేలకి పైనే ఉన్నాయి. 2019 నుంచి 'లైట్ అప్ నవాహో' అని ఒక ఏర్పాటు నడుస్తోంది, వేరే రాష్ట్రాల మునిసిపల్ కరెంటు సంస్థల లైన్‌మన్లు వచ్చి కొన్నేసి వారాలుండి స్తంభాలు పాతి వెళ్తారు. గైడు వాళ్ల చెల్లెలికి అలాగే వచ్చింది. "మొదటి రాత్రి ఆమె లైట్లు ఆపలేదు. మళ్లీ వేస్తే వెలుగుతాయో లేదోనని."

కంబళి ఒకటి కొన్నాం, చిన్నది. అహేహే అన్నాం, అంటే కృతజ్ఞతలు. బేరమాడలేదు. మా అమ్మ ఉంటే ఆడేది.

ఆదివారం, ఆగస్టు 31. కయెంటా నుంచి పేజ్

పొద్దున కయెంటా బర్గర్ కింగ్‌లో కాఫీ. లోపల రెండో ప్రపంచ యుద్ధం నాటి నవాహో కోడ్ టాకర్ల (తమ భాషలో సైన్యానికి రహస్య సందేశాలు పంపినవాళ్ల) జ్ఞాపకాలు అద్దాల వెనక పెట్టారు. బడిలో ఏ భాష మాట్లాడితే సబ్బుతో నోరు కడిగారో, ఆ భాషే జపాన్‌కి అంతుపట్టని సంకేతమైంది.

తర్వాత 160వ నంబరు రోడ్డు, దాన్నుంచి 98వ నంబరు రోడ్డు, మొత్తం వంద మైళ్లు, మనుషులు తక్కువ. ఈ వైపునే గని నుంచి ప్లాంటుకి 78 మైళ్ల కరెంటు రైలు నడిచేది, నెత్తిమీద 50 వేల వోల్టుల తీగతో. బొగ్గు మోసే బండికి కరెంటు ఉంది. దాని పక్కన గొర్రెలు కాసే ఇంటికి లేదు. దారిలో ఒక ఇంటి ముందు గుర్రం ప్యానెల్ నీడలో నిలబడి ఉంది. అంతకుమించి ఆ రోజు రాయడానికేం లేదు. టైరు పంక్చరైంది, ముగ్గురు వచ్చి సాయం చేశారు, డబ్బు తీసుకోలేదు.

సోమవారం, సెప్టెంబరు 1. పేజ్

బాపుకి వీడియో కాల్ చేస్తానని మాటిచ్చాను. పొద్దున ఎనిమిది, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. అన్నం తిని మంచం మీద కూర్చున్నారు. 2017లో ఎక్కడ నిలబడి ఫొటో తీసుకున్నామో రమారమి అక్కడే నిలబడి ఫోను తిప్పి చూపించాను.

"గవి ఏవి?" అన్నారు.

"కూలగొట్టిన్రు బాపూ, 2020ల. డిసెంబర్ల. 775 అడుగులయి, మూడూ ఒక్కదాని ఎన్క ఒకటి."

కాసేపు ఏమీ అనలేదు. అనవసరంగా ఫోను ఇటూ అటూ తిప్పుతూ ఖాళీ ఆకాశమే చూపిస్తున్నాను. ప్లాంటు చల్లబడటానికి ఏడాదికి 34,100 ఎకరాల్లో అడుగు లోతు నిలిచేన్ని కొలరాడో నది నీళ్లు వాడుకోవడానికి 1960ల ఆఖర్లో నవాహో కౌన్సిల్ తన వాటా వదులుకున్న సంగతి, ప్లాంటు పోయినా ఇళ్లకి నీళ్లు రాని సంగతి, నీళ్లు తెచ్చిపెట్టే బాధ్యత ప్రభుత్వానికి లేదని 2023లో సుప్రీం కోర్టు 5–4తో చెప్పిన సంగతి చెబుదామనుకున్నాను. ఆయన అడిగింది వేరే.

"అండ్ల చేసేటోళ్లు ఏమైన్రు బిడ్డా?"

ప్లాంటువాళ్లకి ఎస్‌ఆర్‌పీ వేరేచోట్ల ఉద్యోగాలిచ్చిందని, చాలామంది ఇళ్లు వదిలి ఫీనిక్స్ వైపు వచ్చేశారని, గనివాళ్లకి అదీ లేదని చెప్పాను. ప్లాంటు పోయినా లైన్లున్నాయి కదా, అందులో 500 మెగావాట్లు పంపుకునే హక్కు నవాహోలకి దక్కిందని, వాళ్ల సోలార్ ఆ తీగల మీదే అమ్ముకోవచ్చని కూడా చెప్పాను. రామగుండం రిజర్వాయర్ మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ఆయన చూసే ఉన్నారు. "అవునే, గది నడవనీకి ఎంతమంది గావాలె, ఇద్దరు" అన్నారు. మళ్లీ ఆయనే, "బాయిల దుమ్ము మింగుడు తప్పింది గదా" అన్నారు. రెండు మాటలూ ఆయనవే.

పాప ఫోను లాక్కుని ఐస్ డబ్బా కథంతా తాతకి చెప్పింది. గుడ్లు, ఇన్సులిన్, ఫ్రిజ్‌లో బట్టలు.

"మరి ఆ ముసలామెకు కరంటు ఎప్పుడొస్తదంట?" అన్నారు బాపు.

గైడు చెప్పినదే చెప్పాను. "లిస్టుల పేరున్నదట."

"ఎన్నేండ్ల సంది?"

"తొమ్మిదేండ్లు."

బాపు కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే, ఎండల తిరుగకున్రి, పిల్లకు నీళ్లు తాగియ్యి" అన్నారు.